అసలుకు సరి

దేవేందర్ ప్లాట్ల బ్రోచర్‌లో ఎయిర్‌పోర్టు నెలనెలా దగ్గరికి జరుగుతోంది. మొదట నలభై నిమిషాలు, తర్వాత ముప్పై, ఉగాదికల్లా పావుగంట. ఊరి నోరు మాత్రం జరగలేదు. "అది రుక్మాబాయి కుంట. వానొస్తే నీళ్లు నిలుస్తయ్" అని ఇబ్రహీంపట్నం చాయ్ హోటళ్లలో చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ నోళ్లు మూయించడానికి నిజాం కాలంనాటి నక్షా, అంటే ఊరి పటం, ఒకటి సంపాదించాడు. చేతిరుమాలంత గుడ్డ, చీమల్లాంటి ఉర్దూ రాత. పాత కాగితాలకు నకళ్లు రాసే రజియా బేగం ముందు దాన్ని పరిచాడు.

"చూడు రజియక్కా, యాడనన్న నీలం రంగుందా? కుంట లేదు, గింట లేదు. దీన్ని గోడంత పెద్దగ దించు. ఒక్క చుక్క తప్పొద్దు. కింద నీ దస్కతు ఉండాలె."

దించేముందు అసలును గిరాకీకి చదివి వినిపించడం రజియాకు తండ్రి నేర్పిన పద్ధతి. పనయ్యాక అడుగున "అసలుకు సరి" అని రాసి సంతకం పెట్టేవాడాయన. ఆ మాటను నలభై ఏళ్లలో ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు ఆ మాటనే సాక్ష్యం పెట్టి కుంటను మాయం చేద్దామనుకుంటున్నాడు దేవేందర్.

"జర చదువుత, ఇను అన్నా."

"నక్షా చూసేది గాని చదివేదా అక్కా? మస్తు పనులున్నయ్."

సగం పనిలో ఫోన్ చేసి చదవబోయింది. మీటింగ్‌లో ఉన్నానన్నాడు. తీసుకుపోవడానికి వచ్చిన రోజు మళ్లీ అడిగింది.

"ఉర్దూ నాకెందుకు? తీగెలల్లినట్టుంది, గోడకు అందం" అన్నాడు.

చెద తిన్న అంచును కూడా తిన్నట్టే గీసింది రజియా. రంగు లేనిచోట రంగు వేయలేదు. చీమంత అక్షరం గుమ్మడికాయంత అయింది. అడుగున "అసలుకు సరి" అని రాసి సంతకం పెట్టింది.

ప్లాట్లు చూడటానికి పట్నం నుంచి బస్సులో జనం దిగిన రోజు దేవేందర్ తెర లాగాడు. "నిజాం నాటి నక్షా. అసలుకు సరి. కుంట యాడుందో మీరే చెప్పుండ్రి."

చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివిన ముసలి లాల్ మహమ్మద్ చాయ్ తాగుతూ అక్కడే ఉన్నాడు. పంతులు ముందు నిలబడ్డట్టు గట్టిగా చదివాడు. "కుంట... రుక్మాబాయి... శికం."

"శికం అంటే?" అడిగింది పట్నం నుంచి వచ్చిన ఒకామె.

"నీళ్ల కింది భూమి బిడ్డా. గప్పుడు నీలం రంగు యాడిది? రాసేటోళ్లు."

జనం బ్రోచర్లతో విసురుకుంటూ బస్సు వైపు నడిచారు.

దేవేందర్ పళ్లు కొరుకుతూ రజియా దగ్గరికి పోయాడు. "ముందుగాల చెప్పొద్దా అక్కా?"

"మూడుసార్లు చదువుతనన్న. ఇన్నవా?"

"అయితే గా రాత చెరుపు."

"అది చెరిపితే, కింద దస్కతు గూడ చెరపాలె."

సంతకం లేని నకలు ఎవరికి చూపించాలి? చివరికి ఆ అక్షరాల మీద లావుపాటి బంతిపూల దండ వేయించాడు. ఇప్పుడు ప్లాట్లు చూడటానికి ఎవరొచ్చినా ముందు ఆ దండే ఎత్తి చూస్తారు.