తిడితేనే వచ్చే పిల్లి

ముప్ఫై ఒక్క పిల్లుల్లో ముప్ఫైటికి ఆపరేషన్లు అయిపోయాయి. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కటే షెల్టర్ వంటావిడ ప్రాణం తోడేస్తోంది.

షెల్టర్లో ఉన్న దిక్కులేని కుక్కలకి రోజూ రెండు గంగాళాల తిండి ఉడకబెట్టడం ఆవిడ పని. ఆ వాసనకి వెనక గోడ పొడవునా ఎవరికీ చెందని పిల్లులు చేరాయి. అడుగున మిగిలింది ఆవిడే వాటికి పెట్టేది. కడుపు నిండిన పిల్లులు ఊరుకుంటాయా, ఈతకి నాలుగేసి కన్నాయి. వీధివాళ్లంతా మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. ఆ కాగితం మీద అన్నిటికన్నా పైనున్న వేలిముద్ర సాక్షాత్తూ వంటావిడ అత్తగారిది.

మునిసిపాలిటీ ఆఫీసరు మధ్యేమార్గం చెప్పాడు. పిల్లులన్నిటికీ ఇక ఈనకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి, పట్టినచోటే వదులుతారు. మేత బాధ్యత వంటావిడది. శనివారం లెక్కకి వచ్చినప్పుడు చెవి తెగని పిల్లి ఒక్కటి కనబడినా సరే, మొత్తం మందని లారీకెక్కించి ఊరవతల క్వారీలో దింపేస్తారు. అక్కడ తిండీ లేదు, నీళ్లూ లేవు.

ఇవాళ శుక్రవారం.

"అదుగో, వచ్చింది ఇన్‌స్పెక్టరమ్మ" అన్నాడు బోనాయన. బోనులు పెట్టడం మునిసిపాలిటీలో ఆయన ఉద్యోగం, అందుకే ఆ పేరు.

బూడిదరంగు పిల్లి తీరుబడిగా నడిచొచ్చింది. బోను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. లోపల పెట్టిన చేపముక్కని వాసన చూసి, మూతి నాక్కుని, తోక ఎత్తుకుని వెళ్లిపోయింది.

"అక్కా, ఆకలేసిన పిల్లి నడక ఇది కాదు. నిన్నటి నించీ మేత ఆపమన్నానా లేదా?"

"ఆపానయ్యా. ఒట్టు."

"మరైతే గాలి తిని బతుకుతోందా? ఎవరో మేపుతున్నారు. నీ చెయ్యే ఆగలేదేమో, నిజం చెప్పు."

వంటావిడకి మొహం మాడిపోయింది. బోను మీద కప్పడానికి పాత దుప్పటి తెస్తానని చెప్పి ఇంటికి నడిచింది. ఇల్లు పక్క సందులోనే.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి పెరట్లోంచి అత్తగారి గొంతు. "నీ దుంప తెగ! ఇప్పటిదాకా ఎక్కడ ఊరేగావే? నీ జిమ్మడ, మెల్లిగా తిను, ఎవరూ లాక్కుపోరు!"

ఈ ఎండలో ఎవరితో తగువు పెట్టుకుందిరా భగవంతుడా అనుకుంటూ వెళ్లి చూసింది. అత్తగారు పెరటి మెట్టు మీద కాళ్లు చాపుకుని కూచుంది. ఎదురుగా చిల్లుపడ్డ సత్తు పళ్లెం. పళ్లెంలో చేప తల. తల మీద ఇన్‌స్పెక్టరమ్మ.

కోడల్ని చూసి పిల్లి గోడ దూకింది. అత్తగారికి దూకడానికి గోడ లేదు.

"ఏమే, పనెగ్గొట్టి వచ్చావా?" అంది దబాయింపుగా.

"అర్జీ పెట్టింది మీరు. మేపేదీ మీరేనా అత్తయ్యా?"

"అర్జీ పిల్లుల మీద పెట్టాను. దీని మీద కాదు."

వంటావిడకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పక్కనే చతికిలబడి, రేపటి సంగతీ క్వారీ సంగతీ చెప్పింది. అత్తగారు పళ్లెం అంచు గోకుతూ విన్నది.

"దాన్ని కోస్తారటగా. అందుకే కడుపు నింపి పంపుతున్నా, బోనులోకి పోకుండా."

"చిన్న గాటు. సాయంత్రానికి లేచి కూచుంటుంది."

"మూడు ఈతలు చూశానే దానివి, ఈ గోడవారనే. ఒక్క కూనా దక్కలేదు. ప్రతిసారీ వారం రోజులు అరిచేది." పళ్లెం పక్కకి జరిపింది. "చాల్లే ఇంక దానికి. కానీ నేను పట్టిస్తే మళ్లీ నా మొహం చూస్తుందంటావా?"

"మీరు పట్టించకపోతే రేపటి నించి ముప్ఫై ఒక్కటీ ఉండవు" అంది వంటావిడ.

ఆ పూట మిగతా మేత బంద్. పొద్దు వాలే వేళకి షెల్టర్ గోడ దగ్గర కుర్చీ వేశారు. బోనులో సత్తు పళ్లెం పెట్టారు. అత్తగారు కూచుని, "వీళ్ల ముందు నోరు రావడం లేదే" అని గొణిగింది.

"మామ్మగారూ, మీకా?" అన్నాడు బోనాయన. "అర్జీ ఇచ్చిన రోజు మా ఆఫీసులో కిటికీలు అదిరాయి కదండీ!"

"నీ అసాధ్యం కూలా!" అంది ఆవిడ, ఆయన్ని చూస్తూ. గొంతు తెరుచుకుంది. "ఎక్కడ చచ్చావే తిండిపోతుదానా! రా, నీ ఇల్లు బంగారం గానూ, పళ్లెం నాకడానికి వేరే ముహూర్తం కావాలా?"

గోడ మీద బూడిద చెవులు లేచాయి. పిల్లి దిగింది. ఈసారి ప్రదక్షిణ లేదు, వాసన చూడటం లేదు. ఆ తిట్ల వెంట తిన్నగా బోనులోకి నడిచింది. తలుపు టక్కున పడింది. బోనాయన దుప్పటి కప్పాడు. అత్తగారు మొహం పక్కకి తిప్పుకుంది.

పశువుల డాక్టరు ఆ రాత్రే ఆపరేషన్ చేశాడు. శనివారం ఆఫీసరు గోడ పొడవునా నడిచి, బోనులో ఉన్న దాన్నీ కలుపుకుని, ముప్ఫై ఒక్క చెవులు చూసి కాగితం మీద సంతకం పెట్టాడు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

సోమవారం బోను తెరిస్తే ఇన్‌స్పెక్టరమ్మ ఎవరి వంకా చూడకుండా రివ్వున పారిపోయింది. మధ్యాహ్నం వంటావిడ ఇంటికొచ్చేసరికి అత్తగారు మెట్టు మీద పళ్లెం పెట్టుకుని నోరు మూసుకుని కూచుంది. చేప తలకి ఈగలు ముసిరాయి.

"తిట్టండి అత్తయ్యా."

"కోయించి, మళ్లీ తిట్టనా?"

"మాటాడకపోతే మీరేనని దానికెలా తెలుస్తుంది?"

అత్తగారు గొంతు సవరించుకుంది. "నీ... దుంప తెగ" అంది మెల్లిగా. ఏ అలికిడీ లేదు. ఈసారి గట్టిగా, సందు చివరిదాకా వినబడేలా అంది.

గోడ మీద ముందు ఒక నిండు చెవి కనబడింది, తరవాత కొస తెగిన చెవి. పిల్లి దిగొచ్చి, పళ్లెంలో తల పెట్టేసింది.

"ఈగలు ముసిరేదాకా రావేం, దొంగమొహమా" అంటూ అత్తగారు కొంగుతో ఈగల్ని తోలింది. మొహం మటుకు చాటంత అయింది.

వంటావిడ ఇంకేం అనలేదు. సాయంత్రం మేతకి గంగాళం కడగాలి, మిగతా ముప్ఫై ఎదురుచూస్తుంటాయి.