ముందు చాచిన చెయ్యి

మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకపోతే కూరలో ఉప్పు ఎక్కువవడం, చొక్కాకు గుండీ ఊడినది ఊడినట్టే ఉండిపోవడం మామూలే. కానీ ఆ స్టూడియో వాళ్ళు మాట్లాడుకోకపోవడం వల్ల ఎవరింట్లోనో అన్నదమ్ములు మళ్ళీ విడిపోయేంత పనైంది.

ముందు గది స్టూడియో, వెనక గదుల్లో అత్తగారు, కొడుకు, కోడలి కాపురం. ఏ ఫంక్షనైనా మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరో కెమెరాతో వెళ్ళేవారు. బయల్దేరే ముందు పక్కపక్కన నిలబడి స్టూడియో గోడ గడియారాన్ని చెరో ఫోటో తీసేవారు. రెండు కెమెరాల టైమూ కలిసిందో లేదో చూసుకోవడానికి అది వాళ్ళ అలవాటు. ఎందుకంటే కెమెరాలో తీసిన ఫోటో ఉత్త బొమ్మ కాదు. ఎప్పుడు తీశారో, ఎవరు తీశారో అన్నీ దాని కడుపులో రాసి ఉంటాయి. రెండు కెమెరాల ఫోటోలూ కంప్యూటర్లో పోస్తే, ఆ టైము చూసే అది వరస పేరుస్తుంది. టైములు కలవకపోతే చేతులు కడుక్కున్నాక వడ్డన మొదలవుతుంది.

ఈసారి గొడవ ఆ కడుపులో రాతల దగ్గరే వచ్చింది. కోడలు పాత ఫోటోలు సర్దుతుంటే, తాను తీసినవాటిలో కూడా తీసినవారి పేరు దగ్గర మొగుడి పేరే కనిపించింది. కెమెరా కొన్ననాడే ఆయన పెట్టేశాడట. ఎవరి పేరుంటే ఏంటి, స్టూడియో ఒకటేగా అన్నాడు. ఒకటే అయితే నా పేరే పెట్టాల్సింది అంది. అక్కడితో మాటలు బంద్. ఇక రాయబారమంతా అత్తగారిదే.

"మీ అబ్బాయి భోజనానికి వస్తారేమో అడగండి అత్తయ్యా."

"వస్తున్నానని చెప్పమ్మా."

ఒకే గదిలో ఇద్దరి మధ్యా కూర్చుని ఆవిడ, "ఈ ఉద్యోగానికి నాకు జీతమైనా ఇవ్వండర్రా," అనేది.

అదే సమయంలో ఒక పెద్దావిడ పుట్టినరోజు పని వచ్చింది. మాట్లాడుకోవడానికి వచ్చిన ఆవిడ కూతురు, తన అన్నకూ తమ్ముడికీ ఏళ్ళ తరబడి మాటల్లేవనీ, ఆరోజు ఇద్దరూ వస్తున్నారనీ, ఒక కన్ను వాళ్ళమీదే ఉంచమనీ మరీ మరీ చెప్పి వెళ్ళింది.

బయల్దేరేటప్పుడు గోడ గడియారం దగ్గరికి ఎవరూ పోలేదు. కోడలి కెమెరాలో టైము నిలిపే చిన్న సెల్ అయిపోయి, పెద్ద బ్యాటరీ మార్చినప్పుడల్లా టైము చెరిగిపోతోంది. మొగుణ్ణి అడగడానికి అభిమానం అడ్డొచ్చి, వంటింటి గడియారం చూసి పెట్టుకుంది. కొడుకు పనులకు ఆలస్యంగా పోతున్నాడని అత్తగారు ఆ గడియారాన్ని ముందుకు తిప్పి ఉంచుతుందన్న సంగతి ఆ కోపంలో గుర్తు రాలేదు.

హాల్లో కూడా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే తిరిగారు. అందరూ కేకు దగ్గర మూగి ఉండగా, ఒక మూల తమ్ముడు నడిచొచ్చి అన్నకు చెయ్యి చాచాడు. అన్న చేతులు కట్టుకునే నిలబడ్డాడు. అన్న వెనక నుంచి కోడలు అది తీసింది. కాసేపటికి అన్న చేతులు విప్పి, తనూ చెయ్యి చాచాడు. అది తమ్ముడి వెనక నుంచి మొగుడికి దొరికింది. వాళ్ళు కావలించుకునేసరికి కోడలికి కళ్ళు చెమర్చి కెమెరా దించేసింది.

ఎప్పుడూ వరస చూసేది కోడలే. ఈసారి కార్డు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మొగుడు కంప్యూటర్ పేర్చిన వరసే పంపేశాడు.

కొద్దిరోజులకు కూతురు మొహం వేలాడేసుకుని వచ్చింది. ఇంటిల్లిపాదీ టీవీలో ఫోటోలు చూస్తున్నారట. ముందు అన్న చెయ్యి చాచడం, కౌగిలి, తర్వాతెప్పుడో తమ్ముడి చెయ్యి. "మనసున్నవాళ్ళే ముందు వంగుతారు," అని వదిన ఓ మాట విసిరిందట. తమ్ముడు అన్న వైపు చూశాడట. ఆ హడావిడిలో తనకేమీ గుర్తులేదనీ, ఫోటో అబద్ధం చెబుతుందా అనీ అన్న అన్నాడట. తమ్ముడు చెప్పులేసుకుని పోయాడట.

"మళ్ళీ గుమ్మం తొక్కడమ్మా వాడు," అంది.

కోడలికి ప్రాణం చివుక్కుమంది. ముందు చాచింది తమ్ముడే, తన కళ్ళతో చూసింది. కానీ ఊరికే వరస మారిస్తే తమ్ముడు చెప్పి మార్పించాడంటారు. అన్ని ఫోటోల టైమూ లెక్కప్రకారం సరిపోవాలి. కెమెరా చూద్దామంటే బ్యాటరీ మార్చగానే టైము పోయింది. అత్తగారిని అడిగితే, "ఎంతని చెప్పనే? వాడు ఆలస్యం చేసినప్పుడల్లా ఇంకాస్త తిప్పుతాను. నిన్న కూడా తిప్పాను," అంది.

ఇద్దరి కెమెరాల్లోనూ ఒకే క్షణం పడిన ఫోటో ఉంటే చిక్కు విడిపోతుంది. మొగుడు వెతికి వెతికి తల పట్టుకున్నాడు. ఎడమొహం పెడమొహాలకు ఒకే క్షణం ఎక్కడ పడుతుంది?

ఒక్కటుంది. కార్డు ఇచ్చేముందు కోడలు అందులోంచి తీసి దాచుకున్నది. చూపిస్తే పరువు పోతుంది, దాస్తే ఒక ఇల్లు విడిపోతుంది. గుమ్మంలో కాసేపు నిలబడింది. ఆ తమ్ముడు హాలంతా దాటి నడిచొచ్చిన తీరు కళ్ళముందు మెదిలింది.

వెళ్ళి కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచింది. హాలు అవతలి నుంచి కెమెరా కంటికి ఆనించుకుని మొగుడు, సరిగ్గా వెలుగుతున్న అతని ఫ్లాష్.

"ఇది మీరు ఎవర్ని తీస్తున్నప్పుడో చూడండి," అంది.

అతను కుర్చీ ముందుకు జరుపుకుని చూశాడు. తర్వాత తనూ పక్కన పడేసిన ఫోటోల్లోంచి ఒకటి తెరిచాడు. ఆ ఫ్లాష్ వెలుగులో కెమెరా వెనక సగం మొహంతో కోడలు.

"నిన్నే," అన్నాడు.

రెండు టైములకూ ఉన్న తేడా తీసి, ఆమె ఫోటోలన్నిటినీ అంత వెనక్కి జరిపారు. తమ్ముడి చెయ్యి ముందుకొచ్చింది. ఆ ఫ్లాష్ ఫోటోలు రెండిటితో సహా వాటిని పంపేముందు అతను తనంతట తనే ఆమె తీసినవాటిలో తన పేరు చెరిపి ఆమె పేరు పెట్టాడు.

"పాతవాటి సంగతి?" అంది.

"అవి బోలెడున్నాయి. అన్నం తిన్నాక మొదలుపెడతా."

సాయంత్రం ఆ కూతురి ఫోను వచ్చింది. ఫ్లాష్ ఫోటోలు రెండూ వదిన పక్కపక్కన పెట్టి మరీ చూసిందట. తమ్ముడు చెయ్యి చాచిన ఫోటోకీ తను చాచిన ఫోటోకీ మధ్య టైము చూసి అన్న ఆగిపోయి, "వాణ్ణి ఇంతసేపు నిలబెట్టానా?" అన్నాడట. టీవీ ఆపకుండానే లేచి తమ్ముడింటికి బయల్దేరాడట.