రెండు మెట్ల నడుమ

ఫోను నోటి దగ్గర పెట్టి, ఒక్కో స్వరం విడిగా పాడమన్నప్పుడే ఎలీషబాకు అనుమానం తగిలింది. పాట పాడమంటే పాడుతుంది. ఈ ముక్కలు ఎవరికి కావాలి?

"ఎందుకురా ఇవన్నీ?" అని అన్నకొడుకు శ్యాంసన్‌ను నిలదీసింది.

"ల్యాప్‌టాప్‌లో శాంప్లర్ అని ఉందత్తా. నీ స్వరాలు దాంట్లో ఎక్కించి కీబోర్డుకు తగిలిస్తే, మెట్టు నొక్కినప్పుడు నీ గొంతే పలుకుద్ది. ఒక్కో మెట్టునూ కొంచెం పైకో కిందికో జరుపుకోవచ్చు. నీ గొంతు యాడ నిలబడితే మెట్టును ఆడికి జరుపుతా."

వినడానికి బాగానే ఉంది. తర్లుపాడు పక్కనున్న ఆ పల్లె మందిరంలో మొదటినుంచీ పాట ఎత్తేది ఎలీషబానే. పాత కీర్తనల్లో ఆమె గొంతు రెండు మెట్ల నడుమ నిలబడుతుంది. కీబోర్డుకు అది చేతకాదు. అయినా శ్యాంసన్ వాయించే కీబోర్డు వచ్చాక తప్పంతా ఆమె నెత్తినే పడింది. ఈ ఆదివారమూ గొంతు కీబోర్డుతో కలవకపోతే మైకు తన కూతురు ఫెబీకి ఇస్తానని పాస్టరు రాజరత్నం అయ్యగారు తేల్చి చెప్పేశారు. వారమంతా మిరపచేలో నడుం వంచే మనిషికి ఆ మైకు ఒక్కటే తలెత్తుకునే చోటు.

మరి నిన్న సాయంత్రం శ్యాంసన్‌కు అయ్యగారింట్లో అంతసేపు ఏం పని? తనను చూడగానే మాట ఎందుకు మార్చాడు? పక్క ఊళ్లో పాడేవాళ్లను కూర్చోబెట్టి, పెన్‌డ్రైవ్‌లో నింపిన పాటలతోనే ఆరాధన కానిచ్చేస్తున్నారట. గొంతు పెట్టెలోకి ఎక్కాక మనిషితో పనేముంది? అయినవాడే ఇంత పనికి దిగాడా!

వీడి తిక్క కుదర్చాలనుకుంది. ఒక స్వరం కాస్త దించి, ఇంకోటి కాస్త ఎక్కించి పాడింది. శ్యాంసన్ మొహం చిట్లించాడు.

"పాత రాగాలు నాకు అంతుపట్టవులే. నీ గొంతే కొలత," అని అలాగే ఎక్కించుకుపోయాడు.

ఆదివారం ఎలీషబా సరిగ్గానే పాట ఎత్తింది. కీబోర్డు ఆమె వెనకే వచ్చి, గొంతు రెండు మెట్ల నడుమ నిలబడే చోటికి రాగానే వికారంగా మూలిగింది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. అయ్యగారు చెయ్యెత్తి ఆపించారు.

"ఏంది శ్యాంసనూ, మీ అత్త స్వరాలే పెట్టినానంటివే?"

"ఆమెవే అయ్యగారూ. ఉన్నవి ఉన్నట్టే పెట్టినా."

"అయితే తప్పు యాడుందో తేలిపోయింది గదా. ఫెబీ, రామ్మా."

ఎలీషబా మైకు వదల్లేదు. శ్యాంసన్ ఆమె వంక చూడనైనా లేదు. తప్పు తనదేనేమోనని చెమటలు కక్కుతూ ల్యాప్‌టాప్‌లో వెతుక్కుంటున్నాడు. అది చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది.

"అవి నా స్వరాలు గావు," అంది మైకులోనే. "వీడు నా గొంతు ఎత్తుకపోయి నన్ను కూర్చోబెడతాడని, కావాలనే తప్పు పాడినా."

శ్యాంసన్ తలెత్తాడు.

"నీకు ఇంకో వారం గడువియ్యమని బతిమాలేదానికి పోయినానత్తా, అయ్యగారింటికి."

అయ్యగారు అవునన్నట్టు తలూపారు. ఎలీషబా మైకును తనంతట తానే ఫెబీ చేతిలో పెట్టి, ఆడవాళ్ల మధ్యకు పోయి కూర్చుంది. ఫెబీ పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. సిగ్గుతో ఆ పూట ఎలీషబా ఒక్క చరణమూ పాడలేకపోయింది.