ఫ్రిజ్‌లో చోటు

బీరు కేసు తెచ్చింది బావమరిది. అతను బీరు గోడౌన్‌లో వ్యాను నడుపుతాడు. మెట్లన్నీ ఎక్కి, చెమటలు కక్కుకుంటూ పై అంతస్తు గుమ్మంలో కేసు దించాడు.

"సూదుల కోర్సు అయిపోగానే తాగుతానందిగా అక్క! ముందే తెచ్చి పడేశా బావా."

మంచం మీద కూర్చున్న అక్క పకపకా నవ్వింది. పెళ్లయిన కొత్తలో మొగుడి గ్లాసులోంచి ఓ గుక్క తాగి మొహం చిట్లించిన మనిషే, పోనుపోను సీసాలో సగం తనదని వాటాకొచ్చింది. జబ్బు చేశాక డాక్టరు వద్దన్నాడు. అప్పటినుంచీ ఆమెది ఒకటే పాట: "ఈ సూదులు అయిపోనీండి, చల్లటి బీరు తాగి ముసుగుతన్ని పడుకుంటా."

"వేడి తగిలితే రుచి పోతుంది బావా, ఫ్రిజ్‌లో పెట్టెయ్."

"ఫ్రిజ్‌లో మీ అక్క కాపురం పెట్టిందిగా," అన్నాడు ఆమె మొగుడు, లిఫ్టు మెకానిక్.

నిజమే. ఆ బుల్లి ఫ్రిజ్ నిండా ఆమె ఇంజెక్షన్ డబ్బాలే. వాటి మధ్య గాలి ఆడాలనీ, ఇంకేమీ కుక్కొద్దనీ నర్సు గట్టిగా చెప్పింది. పాల గిన్నె కూడా పక్కింటి ఫ్రిజ్‌కి కాపురం మార్చింది.

కేసు మంచం కిందికి వెళ్లింది. పైకప్పు పొద్దున్నే కాగడం మొదలెడితే మధ్యాహ్నానికి గచ్చు మీద కాలు పెట్టలేరు. మెకానిక్ సీసాల మీద తడి గోనె కప్పాడు. పనిలోంచి ఫోన్ చేసి, "సూది వేయించుకున్నావా? గోనె తడిపావా?" అని ఒక్క ఊపిరిలో అడిగేవాడు.

"నాకన్నా సీసాలకే సేవ ఎక్కువైంది," అనేదామె.

"అవీ నీకోసమేగా!"

ఎండలు ముదిరాయి. ఆమె జాకెట్లు వదులయ్యాయి. ఈ ఎండలకి ఎవరికి మాత్రం తిండి సయిస్తుందని అతను తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

కొత్త స్కాన్ చూశాక డాక్టరు అతన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. "ఇంజెక్షన్లు ఆపేద్దాం. పని చెయ్యడం లేదు."

"ఇంకోరకం ఏవైనా..."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఇక ఆవిడకి ఇష్టమైనవి పెట్టండి."

"బీరు అడుగుతుందండీ."

"తాగగలిగితే తాగనివ్వండి."

ఆ మాట కోసం ఇన్నాళ్లూ ఎదురుచూశాడు. విన్నాక స్కాన్ కవరు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

ఆమెకి ఎలా చెప్పాలో తోచక, ముందు డబ్బాలన్నీ సంచిలో సర్దాడు, ఆస్పత్రికి తిరిగి ఇచ్చేద్దామని. ఆమె మంచం మీంచి చూస్తూ ఉంది.

"ఇప్పుడు చోటుందిగా," అంది. "పెట్టండి."

సాయంత్రం బావమరిది వచ్చాడు. చల్లబడ్డ సీసా మూత తీస్తే తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది.

"పాడైపోయింది బావా. ఆగక్కా, మంచివి తెస్తా."

"నువ్వు వచ్చేదాకా ఎవరాగుతారు? ఇటివ్వు."

మొదటి గుక్క కళ్లు మూసుకుని మింగింది. రెండోది దిగలేదు, తువ్వాల్లో ఉమ్మేసింది. ఇద్దరి మొహాలూ చూసి, "బీరు బాగానే ఉందిరా," అంది. "నా నోరే చెడింది."

తమ్ముడు మొహం తిప్పుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. మెకానిక్ ఒక్కటైనా బాగుండకపోతుందా అని ప్రతి సీసా తీసి వాసన చూశాడు. అన్నీ అంతే. తూములో పారబోశాడు.

మర్నాడు బావమరిది కొత్త సీసాలు ఐసులో పెట్టి తెచ్చాడు. ఆమె వాటి వైపు చూసి, గోడవైపు ఒత్తిగిలింది.

"మీరిద్దరూ తాగండి," అంది.

వాళ్లు తాగలేదు. ఇంతలో పనిలోంచి ఫోన్. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట, వెంటనే రమ్మంటున్నారు. రాలేనని చెప్పి, అతను మంచం పక్కన కింద కూర్చున్నాడు.