రెండు చుక్కలవి

జ్వరం తగ్గి పనిలోకి వచ్చేసరికి నాతోపాటే పనిచేసే మా మరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు, ఏదో ఘనకార్యం చేసిన మొహంతో.

"వదినా, నీ గది నిండా పురుగులు వదిలేశాను."

నా గది అంటే గులాబీల గాజుషెడ్డు వెనకున్న చిన్న గది. మొక్కల రసం పీల్చే పేనుబంకను మేతగా వేసి అక్కడ అక్షింతల పురుగులను పెంచుతాను. ఈ ప్రాంతపు జాతి: ఎర్రటి వీపు, దానిమీద రెండు నల్ల చుక్కలు. ఒకప్పుడు ఏ కంచె దులిపినా రాలేవి. పైదేశపు జాతి వచ్చిపడ్డాక కనబడితే ఒట్టు. కాళ్ళరిగేలా తిరిగి కాసిన్ని పట్టుకొచ్చాను. అవి గుడ్లు పెట్టి చచ్చిపోయాయి. ఆ గుడ్ల మీదా, అప్పటికే గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లల మీదా నా ఆశంతా.

"రెండు చుక్కలవి దొరికితే తీసుకురా" అని మరిదికి చెప్పిన మాట నిజమే. తలుపు తీశాను. ఏ ఆకు మీద చూసినా నల్లటి వీపులు, వాటి మీద రెండేసి ఎర్ర చుక్కలు.

"ఇవెక్కడివిరా?"

"పాత షెడ్డు కిటికీ సందుల్లో కుప్పలుగా ఉన్నాయి. రెండు చుక్కలవే ఏరి తెచ్చాను. మూడున్నది ఒక్కటుంటే అడుగు."

"చుక్కలు లెక్కపెట్టావు సరే, రంగు చూడవా? కొంప ముంచావు కదరా."

"అవీ అక్షింతల పురుగులే కదా వదినా."

"అవునురా, ఆ పైదేశపువి. తోటి పురుగుల పిల్లల్ని తినేసేవి."

వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఏరి పారేశాం. నా పిల్లలు ఒక్కటీ మిగల్లేదు. చివరికి ఒక ఆకు అడుగున పసుపురంగు గుడ్ల గుత్తి దొరికింది. గుడ్డును చూసి ఏ జాతిదో నేను చెప్పలేను. మనవే అయితే ఇంకా ఏమీ మునిగిపోలేదు.

ఆ ఆకును డబ్బాలో పెట్టి కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను. నలుసంత నల్లటి పిల్లలు బయటికొచ్చాయి. పుట్టినప్పుడు ఏ జాతైనా అంతే. మరిది షెడ్డంతా గాలించి పేనుబంక తెచ్చిపోసేవాడు. నేను మొక్కని దేవుడు లేడు. అవి కుబుసం విడిచాయి, పెరిగాయి. పెరిగేకొద్దీ ఒంటి పక్కల పొడవాటి నారింజరంగు చారలు తేలాయి. మనవాటికి అలాంటి చారలు ఉండవు.

"మనవేనా వదినా?"

"కాదురా."

"పోనీ ఇవే పెంచుదాం. పేనుబంక తింటే చాలుగా, గులాబీలకేం తెలుస్తుంది?"

వాడన్నది తప్పు కాదు. గులాబీలకు తెలియదు, కొనేవాళ్ళకు తెలియదు, యజమానికి అసలే పట్టదు. ఇవి బతికితే మనవి మిగలవని నాకు మాత్రం తెలుసు. డబ్బా తీసుకెళ్ళి ఫ్రీజర్లో పెట్టి, తలుపును అరచేత్తో అదిమి నిలబడ్డాను. చేతులారా పెంచినవి, నేనే మళ్ళీ బయటికి తీస్తానేమోనని భయంగా ఉంది.

"నువ్వు చెయ్యి తీయి వదినా, నేను పట్టుకుంటాను" అన్నాడు మరిది.