పెదవికి అంటని వైపు

చీకటిగదిలో ఎర్రదీపం వెలుతురులో ఫోటో మాస్టారు కాగితం అంచును పెదవుల మధ్య పెట్టుకుని తీశారు.

"పెదవికి అంటుకునే వైపే మందు పూత ఉంటుంది. వెలుగు దాని మీదే పడాలి. చీకట్లో కళ్ళని నమ్మకండి."

ఇరవై ఏడేళ్లుగా ప్రతి తరగతికీ ఇదే మాట. రసాయనాలకు గోధుమరంగు తేలిన ఆయన గోళ్లు ఎంత తోమినా తెల్లబడవు. కెమెరా జోలికి పోకుండా ఆకులూ, తాళంచెవులూ, గాజుపెంకులూ కాగితం మీద పేర్చి, వెలుగు చూపించి బొమ్మలు తీస్తారు. మెచ్చుకున్నవాళ్లు చాలామందే; కొనే మాట వచ్చేసరికి అందరి ఇళ్లలోనూ గోడలు చిన్నవైపోయేవి. ఇవాళ పదవీ విరమణ.

"మీరెప్పుడైనా తిరగేసి పెట్టారా సార్?" ముందు నిలబడ్డ అమ్మాయి అడిగింది.

"ఒక్కసారి కూడా లేదు" అన్నారు మాస్టారు, ట్రేలు సర్దుతూ.

అసలు సంగతి పక్కనే ఉన్న ఆయన గది కిటికీ బయట ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు పాలపొడి డబ్బాకు సూదిమొనంత బెజ్జం చేసి, లోపల కాగితం చుట్టి, గేటుకేసి తిప్పి తీగతో కట్టారు. రోజూ సూర్యుడు నడిచిన దారి అందులో ఒక్కో గీతగా పడుతుంది. తాను వెళ్లిపోయే రోజున తెరవాలనుకున్నారు. అయితే కాగితం చుట్టే వేళ, ప్రిన్సిపాల్ పిలుస్తున్నారని ఎవరో తలుపు బాదారు. ఆ కంగారులో పెదవికి తాకించారో లేదో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు.

ఆ అనుమానమే ఆయన కాళ్లు కట్టేసింది. పెద్ద గ్యాలరీవాళ్లు రెండేళ్లు తమ దగ్గరకొచ్చి పనిచేసుకోమన్నారు. "ఇంకో ఏడాది ఉంటే బొమ్మ చిక్కబడుతుంది" అని తప్పించుకున్నారు. మళ్లీ పిలిస్తే మళ్లీ అదే పాట. నిజానికది భయం. కదిలితే డబ్బా విప్పాలి, విప్పితే తేలిపోతుంది.

"ఆ డబ్బాలో ఉన్నది కాగితమా, మీరా?" అని భార్య ఒకసారి దెప్పింది. ఆయన నవ్వేశారు గానీ ఆ మాట ఏళ్లపాటు గుచ్చుకుంటూనే ఉంది.

వీడ్కోలు టీ అయ్యాక తీగ కోసి డబ్బా లోపలికి తెస్తుంటే భార్య ఫోను.

"విప్పారా?"

"విప్పుతున్నా."

"ఏం వచ్చినా సరే, వేళకి ఇంటికి వచ్చేయండి."

మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కత్తెర మొనతో పెళ్లగించి, కాగితాన్ని ఎర్రదీపం కింద పరిచారు. బెజ్జం చూసిన వైపంతా పాలిపోయిన తెలుపు. గీత లేదు, గేటు లేదు, ఇరవై ఏడేళ్లలో ఒక్క రోజు కూడా లేదు. తిప్పి చూస్తే అటూ ఏమీ పడలేదు. ఆ రెండోవైపు పెదవికి ఆనించారు. అంటుకుంది.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, డబ్బా లోపలి తుప్పు గీకి, కొత్త కాగితం అందుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు పెదవికి తాకించి చూశాకే లోపల చుట్టారు. మూతకి నల్లటేపు వేసి, డబ్బాను పాత చోటే కట్టారు.

తాళాలు ఆఫీసులో ఇచ్చి మెట్లు దిగారు. నడిచే మనిషి అలాంటి బొమ్మలో పడడని, పడాలంటే ఏళ్ల తరబడి ఒక్కచోటే నిలబడాలని ఆయనే ఎన్నోసార్లు పాఠం చెప్పారు. ఆగకుండా వెళ్లిపోయారు.

కిటికీ బయట పాలపొడి డబ్బా, ఈసారి సరిగ్గా చుట్టిన కాగితంతో, ఆయన దాటిన గేటుకేసి చూస్తూ ఉండిపోయింది.