కాన్పుల్లేని వార్డు

"ఇంకొక్కసారి" అని తనకు తానే చెప్పుకొని నాడీన్ రికార్డింగును వెనక్కి తిప్పింది. నిన్నటి ఎన్నికల సభలో గవర్నర్ హాల్వర్‌సన్ గొంతు మళ్లీ ఖంగుమంది: "నేనొచ్చాక ఈ రాష్ట్రంలో ఒక్క పల్లె ఆసుపత్రిలోనూ కాన్పుల వార్డు మూతపడలేదు!" జనం ఈలలు వేశారు. నాడీన్ గుడ్డు శాండ్‌విచ్ ఓ మూల కొరికి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసింది.

నాయకుల మాటల్ని ప్రభుత్వ రికార్డులతో సరిచూసి పత్రికలో రాయడం ఆమె పని. పొట్టిగా, కాస్త వంగిన వీపుతో, ముక్కు చివరికి జారిపోయే కళ్లద్దాలతో, మోచేతుల దగ్గర పలచబడ్డ స్వెట్టరుతో ఉండే ఈ మనిషిని రాజధానిలో ఎవరూ గుర్తుపట్టరు. ఎవరైనా పెళ్లి ఊసెత్తితే "తీరిక దొరకలేదమ్మా" అని నవ్వేసేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, దొరికిన తీరికంతా ఆమె ఈ బల్లకే ధారపోసింది.

ఒకప్పుడు పత్రికాఫీసులో ఈ మూల ఎంత సందడి! కింద అచ్చుయంత్రాలు మొదలైతే నేల సన్నగా అదిరేది, కప్పుల్లో కాఫీ వణికేది. పక్క కుర్చీలో వెండెల్ ఆస్బీ ఉండేవాడు. పొడుగాటి మనిషి, పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. ఆమెకు పని నేర్పింది అతనే. "తలుపు తెరిచుందా అని కాదు పిల్లా, లోపలికి ఎవరైనా వెళ్తున్నారా అని చూడు" అనేవాడు. ఎవరి మీద రాశామో వాళ్లకు అచ్చుకు ముందే చదివి వినిపించాలన్న నియమం పెట్టిందీ అతనే. ఇప్పుడు పత్రిక వేరే ఊళ్లో అచ్చవుతోంది. వెండెల్ మంచి జీతం చూసుకొని గవర్నర్ ప్రచార కార్యాలయంలో ప్రసంగాలు రాసే పనికి వెళ్లిపోయాడు. ఆ రోజులు తలుచుకుంటే నాడీన్‌కు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఆరోగ్యశాఖ లైసెన్సుల జాబితాలో వార్డులన్నీ ఉన్నాయి. ఆ లెక్కన గవర్నర్ మాట నిజమే. కానీ నాడీన్ జననాల పట్టిక కూడా తెరిచింది. ఎల్మ్ ఫోర్క్ అనే పల్లెలోని ఆసుపత్రి పేరుకు ఎదురుగా రెండేళ్లుగా సున్నాలే. ఆమె అక్కడికి ఫోన్ చేసింది.

"కాన్పులా? ఎక్కడి మాటమ్మా!" అంది నర్సు. "డాక్టరమ్మ వెళ్లిపోయాక మంచాలు గోడకు జరిపేశాం. నొప్పులొస్తే గంటన్నర కారులో పోవాల్సిందే. మంచు పడిందా, ఇక దేవుడే దిక్కు."

"మరి లైసెన్సు?"

"దానికేం, గోడకు వేలాడుతూనే ఉంది."

ఇక మిగిలింది ఒకటే. పొరపాటున చెబితే "తప్పు" అని, తెలిసి చెబితే "అబద్ధం" అని వేయడం పత్రిక పద్ధతి. గవర్నర్ నోట వచ్చే ప్రతి ముక్కా వెండెల్ రాసిందే. నాడీన్ అతనికి ఫోన్ చేసి, రాసినదంతా చదివి వినిపించి అడిగింది: "జననాల పట్టిక చూశావా, లేదా?"

అతను నవ్వు తెచ్చుకున్నాడు. "నీ గద్ద చూపు ఇంకా తగ్గలేదే!"

"వేళాకోళం తర్వాత. చూశావా?"

"చూడలేదని రాసుకో."

"రాసుకోమంటున్నావు. చూడలేదని మాత్రం అనడం లేదు."

"ఈ వయసులో నన్నెవరు పిలిచి ఉద్యోగమిస్తారు నాడీన్? చూడలేదు. చాలా?" అని పెట్టేశాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. గవర్నర్లు అబద్ధాలాడటం కొత్తా? వెండెల్ తనతో అబద్ధమాడటం మాత్రం ఇదే మొదలు. "పట్టిక చూడలేదని గవర్నర్ ప్రచార కార్యాలయం తెలిపింది" అని టైపు చేసి, పైన "తప్పు" అని పెట్టింది. తను నమ్మని మాటను తన చేత్తోనే రాయాల్సి రావడం చేదుమందు మింగినట్టుంది.

సాయంత్రం పేజీ పంపే వేళకు వెండెల్ స్వయంగా వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, భుజాలు వాలిపోయాయి. తన పాత కుర్చీలోని అట్టపెట్టెను కింద పెట్టి కూలబడ్డాడు.

"చదువు" అన్నాడు.

ఆమె చదివింది. ఆ వాక్యం దగ్గర అతను చెయ్యెత్తాడు.

"అది కొట్టెయ్. చూశాను. ఆయనకూ చూపించాను. 'లైసెన్సు ఉందిగా, చాల్లే' అన్నాడు. నా పేరుతోనే వెయ్యి."

"నీ ఉద్యోగం?"

"మానేస్తున్నానని చెప్పే వచ్చాను. నీకు అబద్ధం చెప్పాక మధ్యాహ్నం ముద్ద గొంతు దిగలేదే, ఏం చెయ్యను?"

నాడీన్ అతని చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ పట్టుకోలేదు. "కాసేపు ఉండు, కాఫీ తాగి వెళ్దువుగాని."

"ముందు పేజీ పంపు. నీ కాఫీ కోసం అచ్చు ఆగదు" అని లేచాడు.

ఆమె కళ్లు తుడుచుకొని "తప్పు" కొట్టేసి "అబద్ధం" అని వేసింది. పేజీ పంపి తలెత్తేసరికి లిఫ్టు కిందికి వెళ్లిపోయింది. పిలిస్తే వినపడేంత దగ్గరలో ఎవరూ లేరు.

పక్క కుర్చీ చేతికి గవర్నర్ ప్రచార కార్యాలయం గుర్తింపు బిళ్ల నీలం తాడుతో వేలాడుతోంది, దాని మీది ఫొటోలో వెండెల్ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.